మడత కెమెరాల వానాకాలం

సమ్మె మొదలైన మూడో వారంలో నాకు మొదటి స్క్రూ దొరికింది. ముందు గది ఊడుస్తుంటే చీపురు కింద టిక్కుమని ఏదో దొర్లింది. వంగి చూస్తే ఆవగింజంత ఇత్తడి స్క్రూ. తీసి మా ఆయన బల్ల మీదున్న సీసా మూతలో వేసి నా పని నేను చూసుకున్నాను. మర్నాడు రెండు దొరికాయి. ఆ మర్నాడు స్క్రూతో పాటు వెంట్రుకంత స్ప్రింగు ఒకటి చీపురు పుల్లల్లో చిక్కుకుని వచ్చింది.

మా ఆయన కెమెరాలు బాగుచేసేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే బల్ల, అదే స్టూలు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఇక ఆ పని అయిపోయినట్టే అనుకున్నాం. కానీ పాతవాటి మీద ప్రాణం పెట్టుకున్న వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. వాళ్లు తెచ్చేవన్నీ దాదాపుగా మడత కెమెరాలే. మూసి ఉంటే లావుపాటి పుస్తకంలా ఉంటుంది. బొత్తాం నొక్కితే ముందు తలుపు కిందికి పడి, నల్లటి తోలు తిత్తి సాగుతూ లెన్సు బయటికి వచ్చి నిలబడుతుంది. అందులో వేసే ఫిల్ము వెడల్పుగా ఉంటుంది, చుట్టకి పన్నెండే ఫొటోలు. వాటిలోని సన్నపని ఆయనకి కొట్టిన పిండి. చీమకి చెప్పులు కుట్టమన్నా కుట్టే చేతులవి. అలాంటి మనిషి బల్ల కింద స్క్రూలు దొరకడమేమిటని నాకు తోచాల్సింది. తోచలేదు. అప్పుడు నా గొడవ నాది.

నేను బ్యాగుల ఫ్యాక్టరీలో తోలు అంచుల్ని కత్తితో పలచగా చెక్కే సెక్షన్లో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. కొత్త మిషన్లు వస్తున్నాయి, ప్రతి సెక్షన్లో సగం మంది చాలు అని ఒకరోజు గోడకి నోటీసు అంటించారు. ఆ సాయంత్రమే కత్తులు కింద పెట్టి బయటికి వచ్చేశాం. పొద్దున ఎనిమిదింటికి గేటు ముందు టార్పాలిన్ కింద కూర్చోవడం, పన్నెండింటి దాకా గొంతు చించుకోవడం, తడిసిన చీరతో ఇంటికి రావడం. ఆ తర్వాత ఈ చేతులకి పనేదీ? తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. అలమరలో బట్టలన్నీ దింపి మళ్లీ అలాగే సర్దాను. బయట వాన, లోపల నేను, రెండూ ఒక చోట కుదురుగా ఉండటం లేదు.

"కాస్త కూర్చోవే తల్లీ, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి? చూడలేక నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది మా అత్తయ్య.

కూర్చోలేక ఆయన దగ్గరికి వెళ్లాను. "తిత్తులు నేను చేస్తాను, ఇటివ్వండి," అన్నాను.

తిత్తి పని నాకు కొత్త కాదు. సెలవు రోజుల్లో ఒకటీ అరా చేసినదాన్నే. లోపల నల్లగుడ్డ, మధ్యలో సన్నటి అట్టముక్కలు, పైన పలచటి తోలు. మూడూ అతికించి, ఆరక ముందే మడతలు పెట్టాలి. తోలు ఏమాత్రం మందంగా ఉన్నా కెమెరా తలుపు మూతపడదు. మరీ పలచన చేస్తే మూలల్లో చిల్లులు పడతాయి, ఆ చిల్లుల్లోంచి వెలుతురు దూరి ఫిల్మంతా మచ్చలవుతుంది. వానాకాలం కాబట్టి జిగురు ఒక పట్టాన ఆరేది కాదు. ఆరిందో లేదోనని గంటకోసారి వెళ్లి ముట్టుకునేదాన్ని. ముట్టుకున్న చోటల్లా వేలిముద్ర పడేది, మళ్లీ మొదలు.

చిల్లులు ఉన్నాయో లేవో చూడాలంటే చీకటి కావాలి. మధ్యాహ్నం పూట మంచం మీద కూర్చుని ఇద్దరం దుప్పటి కప్పుకునేవాళ్లం. ఆయన తిత్తి లోపలికి చిన్న టార్చి బల్బు పెట్టి పట్టుకుంటే నేను మూలలన్నీ కళ్లతో వెతికేదాన్ని. చిల్లు ఉంటే నక్షత్రంలా మెరుస్తుంది.

"పట్టపగలు ఆ దుప్పట్లో ఏంటర్రా?" అని అత్తయ్య వంటింట్లోంచి కేకేసింది ఒకరోజు. "ఇంట్లో పెద్దదాన్ని ఒకర్తిని ఉన్నాను."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు తిత్తిలో వెలుగు సన్నగా అదురుతూ కనిపించింది. కరెంటు ఎగుడుదిగుడు అనుకున్నాను. బ్యాటరీతో వెలిగే బల్బుకి కరెంటుతో పనేమిటని ఆ రోజు నా బుర్రకి తట్టలేదు.

*

నాలుగో వారంలో పళ్ల డాక్టరమ్మ వచ్చింది. బస్టాండు పక్కన ఆస్పత్రి ఆవిడది. వాళ్ల మేనమామ వాడిన మడత కెమెరాని రెండు నెలల కింద ఇచ్చి, బాగుకాదంటే తిరిగి తీసుకెళ్లింది. ఇప్పుడు మళ్లీ గుడ్డలో చుట్టుకుని తెచ్చింది.

"ఇందులో పార్టు విరిగింది, ఎక్కడా దొరకదు అన్నారు కదండీ," అంది ఆయనతో. "ఇంకొకాయనకి చూపించాను. ఏదీ విరగలేదట. పాత గ్రీజు గట్టిపడి లెన్సు తిరగట్లేదు, అంతే అన్నాడు. ఆయనే తిప్పబోయి ఇదిగో, ఇక్కడ గీత పెట్టాడు. ఇక ఎవరికీ ఇవ్వను. మీరే చెయ్యాలి."

ఆయన మొహం మాడిపోయింది. గట్టిపడిన గ్రీజుకీ విరిగిన పార్టుకీ తేడా తెలియని మనిషి కాదు. కళ్లు మూసుకుని చెప్పగలడు.

"నాకిప్పుడు తీరిక లేదండీ," అంటూనే అలవాటు కొద్దీ కెమెరా కోసం చెయ్యి చాపాడు. డాక్టరమ్మ ఇవ్వబోయి, కెమెరా వైపు కాక చేతి వైపు చూసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకుని, మంచినీళ్లు తాగొస్తానని లోపలికి వెళ్లిపోయాడు. ఎంతకీ తిరిగి రాలేదు.

నేను గుమ్మం దాకా వెళ్లాను. ఆవిడ గొంతు తగ్గించింది.

"ఆయన చెయ్యి ఎన్నాళ్ల నుంచి అలా ఉందమ్మా?"

"ఎలా ఉంది?"

"రోజంతా జనం నోళ్లలో చేతులు పెట్టి బతికేదాన్ని. ఎవరి చెయ్యి ఎలా ఉందో నా కంటికి ముందు అదే కనపడుతుంది. మా ఆస్పత్రి పై మేడ మీద నరాల డాక్టరు మంగళవారం, శుక్రవారం కూర్చుంటాడు. ఒకసారి చూపించండి. పెద్ద జబ్బని నేననట్లేదు. తెలుసుకోకపోవడమే తప్పంటున్నాను." కెమెరా నా చేతిలో పెట్టింది. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి. తొందరేం లేదు."

ఆవిడ వెళ్లాక అలమర తెరిచాను. పై అరలో తొమ్మిది కెమెరాలు. ప్రతిదానికీ దారంతో కట్టిన చీటీ, ప్రతి చీటీ మీదా "పార్టు లేదు" అని ఆయన రాత. ముత్యాల్లాంటి దస్తూరీ అని మా పెళ్లి నాడు అందరూ మెచ్చుకున్న రాత, సిరాలో పడ్డ చీమ నడిచినట్టుంది.

వంటింట్లో అత్తయ్య టీ వడగడుతోంది. మా ఇద్దరికీ గ్లాసుల నిండా పోసి, కొడుకు గ్లాసులో సగమే పోసింది. కొన్ని నెలలుగా అలాగే పోస్తోంది. వయసొచ్చి చాదస్తం పెరిగిందని నేను లోలోపల విసుక్కునేదాన్ని.

"ఆయనకెందుకత్తయ్యా సగమే పోస్తారు?"

గిన్నె దించి నా వైపు చూసింది. "నిండా పోస్తే వాడి చొక్కా మీదే పడుతుంది కదే. వాళ్ల నాన్నా ఇంతే. చివరి రోజుల్లో గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"వాడు నాకు చెప్తే కదా నేను నీకు చెప్పడానికి?" అని గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వెళ్లింది.

*

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. గేటు దగ్గర నినాదాలిస్తూ ఆయన చేతుల గురించి ఆలోచించేదాన్ని. ఇంటికి వస్తే గేటు గురించి ఆలోచించేదాన్ని. అడుగుదామని నోటిదాకా వచ్చిన మాటని పదిసార్లు మింగేశాను. ఆయన బల్ల దగ్గర కూర్చునేవాడు, లేచేవాడు, కిటికీ దగ్గరికి వెళ్లి వానని చూసేవాడు, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. పని మాత్రం ముందుకి జరిగేది కాదు.

ఒకరోజు జిగురు కొనడానికి ఆయన బజారుకెళ్లాడు. నేను డాక్టరమ్మ కెమెరా బల్ల మీద పెట్టి, తెల్ల పెట్రోలు చుక్క చుక్కగా గ్రీజు మీద వేసి, కాసేపు నాననిచ్చి, లెన్సు తిప్పాను. మొండికేసి, మొండికేసి, ఒక్కసారిగా కదిలింది. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. ఆ నెలంతా నా చేతులు దేనికోసం కొట్టుకులాడాయో అది దొరికినట్టయింది. లెన్సు విప్పాను. వెలుతురిని లోపలికి వదిలి మూసే షట్టరు మీది రేకు విప్పాను. లోపల బియ్యపు గింజలంత పళ్లచక్రాలు, నల్లటి పలచటి రేకులు అయిదు. అన్నీ తీసి పళ్లాల్లో పెట్టాను. మళ్లీ ఎలా పెట్టాలో తెలియదన్న సంగతి అన్నీ విప్పాక గుర్తొచ్చింది.

తలెత్తేసరికి గుమ్మంలో ఆయన. గొడుగులోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎవర్నడిగి ముట్టుకున్నావ్?"

"గ్రీజే కదా, తీద్దామని..."

"తోలు చెక్కడమనుకున్నావా ఇది? నీకేం తెలుసని విప్పావ్? పరాయివాళ్ల వస్తువది."

"తెలిసిన మనిషి పార్టు లేదని చీటీ కడుతుంటే తెలియనిదాన్నే విప్పుకోవాలి," అన్నాను. అక్కడితో ఊరుకోలేకపోయాను. "రోజూ పొద్దున మీ బల్ల కింద స్క్రూలు ఏరుతున్నది ఎవరనుకుంటున్నారు?"

ఆయన జిగురు డబ్బా బల్ల మీద పెట్టి, తడి గొడుగు మళ్లీ తెరుచుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

అయిదు రోజులు ఆ బల్ల దగ్గరికి రాలేదు. పొద్దున్నే బయటికెళ్లి, చీకటి పడే ముందు బురద కాళ్లతో వచ్చేవాడు. ఎక్కడెక్కడ తిరిగేవాడో తెలియదు. పక్కవీధి దర్జీ మాత్రం, "మీ ఆయన వంతెన మీద నిలబడి నీళ్లు చూస్తున్నాడేంటమ్మా," అని అడిగాడు. విప్పిన భాగాలున్న పళ్లాల మీద స్టీలు గిన్నెలు బోర్లించి పెట్టాను, దుమ్ము పడకుండా. వాటి వైపు చూడలేకపోయేదాన్ని. నోరు జారితే తీసుకోలేమంటారు. నేను నోరు జారాననీ అనలేను. ఉన్నమాటే అన్నాను. ఉన్నమాటకే ఉలుకెక్కువ.

ఆరో రోజు గేటు దగ్గర్నుంచి ఇంటికి వచ్చేసరికి ఆయన ముందు గదిలో ఉన్నాడు. తన స్టూలు మీద కాదు, వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలో. ఎప్పుడూ బల్లకి ఎడమవైపు ఉండే దీపం కుడివైపుకి మారింది. వైరు చాలక గోడ మీద కొత్త మేకు కొట్టి తిప్పినట్టున్నాడు. నాది ఎడమచేతి వాటం. దీపం ఎడమవైపు ఉంటే నా చేతి నీడే పని మీద పడుతుంది.

"చీర మార్చుకుని రా," అన్నాడు. "ముందు మూడో పళ్లెంలో ఉన్న రింగు ఎక్కించాలి."

నేను తడి చీరతోనే కూర్చున్నాను.

*

ఆ తర్వాత పనంతా ఆయన నోటితో, నా చేతులతో. "ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగు. బలం పెట్టకు, అది వస్తానంటే వస్తుంది." షట్టరు రేకు ఒకటి వంచేశాను. పెదవి కొరుక్కున్నాడే గానీ తిట్టలేదు. నేను తడబడినప్పుడల్లా ఆయన చెయ్యి దానంతట అదే ముందుకి వచ్చేది. వచ్చిన చేతిని వెనక్కి తీసుకుని తొడ కింద పెట్టుకునేవాడు.

"బళ్లో పిల్లాడిలా చేతుల మీద కూర్చున్నావేంరా?" అంది అత్తయ్య.

"పంతులమ్మ కొడుతుందని," అన్నాడు. నెల రోజుల్లో ఆయన వేసిన మొదటి జోకు అది.

షట్టరు బిగించాక దాని వేగం చూడాలి. దానికి ఆయన కొలత చెవే. కళ్లు మూసుకుని, "నొక్కు," అనేవాడు. లోపల చక్రాలు గిర్రుమని తిరిగి టక్కున మూసుకునేవి. "ఇది సెకను కాదు. సెకనూ పావు. ఇంకా జిడ్డుంది. విప్పు." విప్పడం, కడగడం, బిగించడం. ఏడోసారికి, "ఆఁ, ఇదీ," అన్నాడు. నాకు తేడా ఏమీ వినిపించలేదు. పదిహేను రోజులకి వినిపించడం మొదలైంది. గేటు దగ్గర కూర్చున్నా చెవిలో అదే గిర్రు. మా సెక్షన్లో పెద్దామె ఉండేది. గొంతు ఫ్యాక్టరీ సైరనుకన్నా పెద్దది కాబట్టి అందరం సైరనక్క అని పిలిచేవాళ్లం. "ఏంటే, ఎటో వింటున్నావ్?" అని నా నెత్తిన మొట్టింది.

ఇన్నాళ్లలో చెయ్యి గురించి మా మధ్య ఒక్క మాట రాలేదు. నరాల డాక్టరు మంగళ, శుక్రవారాల్లో ఉంటాడట అని ఎత్తబోతే, "ముందు ఇది అవనీ," అనేవాడు. ఒకటి అయ్యాక ఇంకొకటి ఉండేది.

యాభై ఒకటో రోజున రాజీ కుదిరింది. సగం మందిని తీసెయ్యరట, సెక్షనుకి ఒకరు దిగిపోతే చాలట. మా ఎనిమిది మందిలో ఆ ఒక్కరూ ఎవరు? సైరనక్క చీటీలు రాసి టిఫిను డబ్బాలో వేసింది. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడటం లేదు. మాలో అందరికన్నా చిన్నది, చేరి ఏడాదైనా కాని పిల్ల, గోళ్లు కొరుక్కుంటోంది.

"చీటీలొద్దు. నేను దిగిపోతాను," అన్నాను.

అన్నాక నాకే భయమేసింది. రెండు రోజులు ఇంట్లో చెప్పలేదు. చెప్తే తన కోసమే మానేశాననుకుంటాడు. కాదంటే అబద్ధం, అవునన్నా అబద్ధమే.

*

గేటు తెరిచే రోజు పొద్దున అందరికీ కలిపి ఒక ఫొటో తియ్యమని సైరనక్క ఆయన్ని పిలిపించింది. డాక్టరమ్మ కెమెరా అప్పటికి పూర్తయింది. తిరిగిచ్చే ముందు ఒక ఫిల్ము వేసి చూడాలి కాబట్టి అదే తెచ్చాడు. స్టాండు మీద బిగించాడు. చేత్తో మీట నొక్కకుండా, షట్టరుకి పొడుగాటి తీగ తగిలించి దాని చివర నొక్కాడు. వాన తెరిపిచ్చింది. మిగతా సెక్షన్లలో దిగిపోయినవాళ్లు రాలేదు. నలభై మందిమి గొడుగులు మూసుకుని గేటుకి వీపు పెట్టి నిలబడ్డాం. టక్కుమంది. నాకు చెవులారా వినిపించింది. సరిగ్గా ఉంది.

అంతలో గేటు తెరుచుకుంది. సైరనక్క ఆయన దగ్గరికి వెళ్లి, "మీ ఆవిడ మనసు పెద్దదయ్యా. తను దిగిపోబట్టే మా చిన్నది లోపలికి వెళ్తోంది," అంది. అని, అందరితో పాటు లోపలికి నడిచింది. మిగతా అందరూ వెనక్కి తిరిగి వెళ్తున్నారు. నేను నిలబడ్డ చోటే నిలబడ్డాను. ఆయన కెమెరా వెనక నుంచి నన్నే చూస్తున్నాడు. చూస్తూనే, షట్టరుని మళ్లీ సిద్ధం చేసే మీట ఎక్కించి, తీగ నొక్కాడు.

ఇంటికి నడుస్తుంటే మళ్లీ వాన పట్టుకుంది. వంతెన దాటాక, "నా కోసమేనా?" అన్నాడు.

"అంత లేదులెండి. మిషను పక్కన కూర్చుని అది చెక్కి పడేసినవి ఏరడం నా వల్ల కాదు."

"నన్నొక మాట అడగాలనిపించలేదా?"

"మీరు నన్ను అడిగే దాచారా?"

ఆయన నా చేతిలో గొడుగు తీసుకుని, ఇద్దరికీ పట్టేలా పట్టుకున్నాడు. గొడుగు అదురుతుంటే దాని అంచుల్లోంచి నీళ్లు మా ఇద్దరి మీదా పడ్డాయి.

ఫిల్ము మర్నాడు ఆయనే కడిగి, ఫొటోలు అచ్చు వేశాడు. స్నానాల గదిలోంచి ఎంతకీ బయటికి రాకపోతే వెళ్లి చూశాను. తడి కాగితం పట్టుకుని నీళ్ల తొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఆ కెమెరాల్లో ఫొటో తీయగానే, వెనక ఎర్ర గాజు కన్నంలో అంకె చూసుకుంటూ ఫిల్ము మనమే తిప్పుకోవాలి. మర్చిపోతే అది ఆపదు, తీసినదాని మీదే ఇంకొకటి పడుతుంది. ఇన్నేళ్లలో ఆయన మర్చిపోగా నేనెరగను. ఆ రోజు మర్చిపోయాడు. ఫొటోలో మిగతా అందరి మొహాల్లోంచి వాళ్ల వీపులే కనిపిస్తున్నాయి. వీపుల్లోంచి గేటు ఊచలు కనిపిస్తున్నాయి. వాళ్లంతా పొగమంచులా ఉన్నారు. రెండుసార్లూ ఒకే చోట నిలబడ్డ నేనొక్కదాన్నే చిక్కగా, చీర కుచ్చిళ్లతో సహా, రాయిలా ఉన్నాను.

"పాడైపోయింది," అన్నాడు.

నేను పక్కన కూర్చున్నాను. కాగితం వైపే చూస్తూ అన్నాడు: "ఇది చేతుల వల్ల కాదు. బుర్ర ఎక్కడో పెట్టుకున్నాను. చేతుల సంగతి వేరు. అవి పోయినేడాది నుంచీ వణుకుతున్నాయి."

"ఊఁ," అన్నాను.

"ఇవాళ ఏం వారం?"

"శుక్రవారం."

లేచి చొక్కా మార్చుకున్నాడు.

పాడైపోయిందన్న ఫొటోనే కావాలని సైరనక్క పట్టుబట్టి నలభై కాపీలు వేయించుకుంది. డాక్టరమ్మ తన కెమెరా తీసుకెళ్లి ఇంకో ముగ్గుర్ని పంపింది. మందులతో వణుకు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు, పోదని కూడా తర్వాత తెలిసింది. వాళ్ల నాన్న నుంచి వచ్చిందట. ప్రాణానికేం భయం లేదు గానీ సన్నపని ఇక కుదరదన్నాడు డాక్టరు. ఆ స్టూలు మీద నేనే కూర్చుంటున్నాను. ఆయన పక్క కుర్చీలో కూర్చుని ఇప్పటికీ వంకలు పెడతాడు.

అవన్నీ తర్వాతి మాటలు. ఆ శుక్రవారం, ఆ పై మేడ గదిలో, రెండు చేతులూ ముందుకి చాపి వేళ్లు విడదీయమన్నాడు డాక్టరు. ఆయన ఒక్కసారి నా వైపు చూసి, చాపాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో నేను వాటిని అంతసేపు చూడటం, ఆయన చూడనివ్వడం అదే మొదలు.